పెద్దిల్లు ఖాళీ

“కూసొమ్మంటె కూసోదు, పొమ్మంటె పోదు. పొద్దటి సంది గడప మీదనే నిలవడ్డది. దీన్ని ఏం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి,” అని బుచ్చమ్మ ఇంటి లోపలికి వినబడేటట్టు అరిచింది.

లోపల ఆమె ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు దయాకర్ ఒక్కడే ఉన్నాడు. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అరగంట నుంచి ఒకటే చెంప గీస్తున్నాడు.

గడప మీద నిలబడ్డది సోమ్లి. ఎర్రకుంట తండా రెడ్యా బిడ్డ. పెండ్లయి నెల దాటలేదు. గార్ల దిక్కు అత్తగారింట్లో ఉండాల్సిన పిల్ల, పెండ్లినాటి అద్దాల రవికతోనే ఇక్కడికి వచ్చి నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ‘దివిటీ’ దినపత్రిక.

“చిన్నదొర నా ఫోటువ తీసిండు గద. ఇప్పుడు నా మొఖం చూసి మాట్లాడుమను,” అన్నది సోమ్లి.

“గడ్డం గీసుకుంటున్నడే పిల్లా.”

“గీసుకోనీ. నాకేం తొందర లేదు.”

చిన్న కోడలు సరళ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. సోమ్లి చెంబు వైపు చూసింది, సరళ వైపు చూసింది, తీసుకోలేదు. ఆ ఎండాకాలంలో, నర్సింహులపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ బిందె పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, నీళ్లు వద్దన్న మనిషిని సరళ చూడడం అదే మొదటిసారి. ఇదేదో మామూలు కోపం కాదనుకుంది.

చివరికి దయాకర్ బయటికి వచ్చాడు. ఒక చెంప మీద సబ్బు నురగ ఎండిపోయి ఉంది.

సోమ్లి పేపరు విప్పి అతని ముఖానికి ఎదురుగా పట్టింది. సగం పేజీ ఫోటో. ఒక పడుచు ఇంకో ఆడమనిషి మెడ కావలించుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఏడుస్తున్నది. వెనుక సామాను నింపిన బండి.

“ఇది నేనేనా దొరా?”

“నువ్వే.”

“ఏం జేస్తున్న?”

“ఏడుస్తున్నవ్.”

“ఎందుకు ఏడుస్తున్న?”

దయాకర్ చెంప మీది నురగ తుడుచుకున్నాడు.

“నువ్వు మా పెండ్లికొచ్చినవు,” అన్నది సోమ్లి. “మా బాపు నీకు కొత్త మంచం ఏసిండు. మేకను కోసి ముందుగాల నీకే పెట్టిండు. తిని, మూతి కడుక్కొని, డబ్బా తీసి టక్కుమనిపిచ్చినవు. మా పెండ్లిపిల్లలు ఎందుకు ఏడుస్తరో నీకు ఎరుక లేదా?”

ఎరుకే. ఆ తాలూకాలో ఎరుక లేనివాళ్లు లేరు. తండా పెండ్లిలో అత్తగారింటికి పోయే పిల్ల, చుట్టాలను ఒక్కొక్కరినీ మెడ పట్టుకుని రాగం తీసి ఏడవాలి. దాన్ని వాళ్లు ఢావ్లో అంటారు. తల్లికి ఒక మాట, మేనత్తకు ఒక మాట, తోడబుట్టినవాడికి ఒక మాట. ఏడవడం రాని పిల్లను చూసి అత్తగారివాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారు.

“ఆర్నెల్లు నేర్చుకున్న,” అన్నది సోమ్లి. “మా యాడి, కన్నతల్లి, నేర్పింది, మా మేనత్త నేర్పింది. మా తండల ఇంత మంచిగ ఎవ్వలు ఏడ్వలేదని ముసలోళ్లు మెచ్చుకున్నరు. నువ్వేమో గంజి లేక ఏడ్సిన్నని రాస్తివి. మా అత్తగారి ఊర్ల సార్ చదివి చెప్పిండు. ‘కరువుకు తండ ఖాళీ అయ్యింది, తిరిగి రామని ఏడ్సుకుంట పోతున్నరు’ అని ఉన్నదట. మేమెప్పుడన్నం దొరా, తిరిగి రామని?”

“పేపరన్నంక జర అటిటు రాస్తరు,” అన్నాడు దయాకర్.

“ఏడుపు పోనీ. గిది చూడు మరి.”

రైకె ముడిలోంచి ఇంకో కాగితం తీసింది. వెనక జిగురు ఎండి ఉంది. తలుపు మీది నుంచి చించి తెచ్చినట్టు తెలుస్తూనే ఉంది. దయాకర్ చెయ్యి చాపలేదు. సరళ తీసుకుని చదివింది.

ఎర్రకుంట తండా రెడ్యాకు సర్కారు ఇచ్చిన మూడెకరాల లావణి పట్టా భూమి. పట్టాదారు కుటుంబంతో సహా శాశ్వతంగా ఊరు విడిచి పోయినట్టు, భూమి సాగు లేక పడావు పడినట్టు దినపత్రిక ద్వారా తెలుస్తున్నందున, పట్టా ఎందుకు రద్దు చేయకూడదో వచ్చే సోమవారం తాలూకా కచ్చేరికి వచ్చి చెప్పుకోవలసింది. దరఖాస్తుదారు: మహిపాల్ రెడ్డి.

మహిపాల్ రెడ్డి అంటే సరళకు బావ. దయాకర్‌కు అన్న. బుచ్చమ్మ పెద్దకొడుకు. ఊరంతా పెద్దిల్లు అని పిలిచే ఈ ఇంటికీ, ఊరికీ పెద్ద.

ఆ మూడెకరాల్లో రాళ్లు తప్ప ఏమీ లేని కాలంలో సర్కారు రెడ్యాకు ఇచ్చింది. రెడ్యా, ఆయన భార్య, ఇద్దరు బావమరదులు మూడు ఎండాకాలాలు గడ్డపార పట్టి బాయి తవ్వారు. ఈ కరువులో పెద్దింటి నాలుగు బావులూ అడుగుబండ కనబడేటట్టు ఎండాయి. రెడ్యా బాయిలో మనిషి మునిగేటన్ని నీళ్లున్నాయి. కథంతా ఆ నీళ్లదే.

“మా బాపు ఆకుకు పోయిండు,” అన్నది సోమ్లి. “ఏటేట పోతం. భూపాలపల్లి అడవిల తునికాకు తెంపి, కట్టలు కట్టి, రోహిణి కార్తెకు ఇల్లు చేరుతం. ఊరిడిసిపోయేటోడు తలుపుకు ముండ్లకంప అడ్డం పెట్టి పోతడా? నా పెనిమిటి ధన్‌సింగ్ మా బాపును తేను పోయిండు. సోమవారం వస్తరు. అప్పటికల్ల నాకు ఒక్కటి తెల్వాలె. గీ రాత ఎవలు రాసిన్రు?”

“నేను రాయలే,” అన్నాడు దయాకర్ వెంటనే. “పేపరోళ్లు రాసుకుంటరు.”

బుచ్చమ్మకు అది నచ్చలేదు. ఇంటి ఘనత ఊరికే పరాయివాళ్లకు పోవడం ఆమె ఎప్పుడూ ఒప్పుకోదు.

“పేపరోళ్లకేమొస్తదిరా మన్ను? రాసేదంత మా చిన్న కోడలే. హనుమకొండల బీయ్యే చదివింది. ఆమె రాస్తె అక్షరాలు ముత్యాలోలె ఉంటయి. వీడు వట్టిగ దస్కత్ పెడ్తడు.”

వాకిట్లో ఎండ చిటపటలాడింది.

సోమ్లి సరళ వైపు తిరిగింది.

“నువ్వా దొర్సాని?”

సరళ చేతిలో చెంబు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

“మా తండ ఏ దిక్కున్నదో నీకు ఎరుకనా?”

సరళ ఆ ఇంటికి వచ్చి నాలుగేండ్లు. తండా రెండు మైళ్లు. తూర్పో, ఉత్తరమో.

“సరే,” అన్నది సోమ్లి. పేపరు మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. “మా బాయి పోయిందనుకో, నేను ఇంక ఏడ్వ. ఏడ్సుడు అయిపోయింది. నిన్ను ఇడువ.”

*

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు బందయినప్పుడు దయాకర్ చదువూ బందయ్యింది. కాలేజీలు మళ్లీ తెరిచిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత మూడేండ్లకు ‘దివిటీ’కి విలేకరి అయ్యాడు. ఆయన రాసి పంపిన మొదటి వార్తను ఆఫీసులో పదిమంది చుట్టూ చేరి చదువుకుని నవ్వారని ఎవరో చెప్పారు. ‘గిట్ల’, ‘గట్ల’ అని రాశాడట. అప్పటినుంచీ ఆయన చెప్పడం, సరళ దాన్ని పుస్తకాల భాషలోకి మార్చడం, ఆయన సంతకం చేయడం. ఈమధ్య సంతకాలు ముందే చేసి పది కాగితాలు ఇచ్చిపెడుతున్నాడు.

“అది పెండ్లి ఫోటో అని మీకు తెలుసు,” అన్నది సరళ గదిలోకి వచ్చి తలుపు వేసి.

“నువ్వడగలే.”

“మీరు చెప్పలే.”

“నువ్వు ముందుగాల రాసిందే మంచిగుండె. వాళ్లే వద్దన్నరు గద.”

అది నిజమే. సరళ మొదట రాసింది నాలుగు వాక్యాలే. తండావాళ్లు ఏటా వెళ్లినట్టే తునికాకు కోతకు వెళ్లారనీ, ఈసారి కరువువల్ల నెల ముందే వెళ్లారనీ, రోహిణిలో తిరిగివస్తారనీ రాసింది. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అది ఇప్పటికీ పుస్తకంలో మడిచి ఉంది. సరళ తీసి పైకి చదివింది.

“‘మీ వార్త అందిందండి. తిరిగొచ్చేవాళ్ల గురించి రాస్తే అది వలస ఎలా అవుతుంది? ప్రయాణం అవుతుంది. కరువు వార్త చదివితే పాఠకుడికి గుండె కలుక్కుమనాలి. మళ్లీ రాయండి. కన్నీళ్లున్న ఫొటో ఒకటి తప్పక జతచేయండి.’”

“మరి? నేనేం జేత్త?”

మళ్లీ రాసింది సరళే. ‘తిరిగి రామని తెలిసి, పుట్టిన మట్టిని కన్నీటితో తడిపి, దిక్కు తెలియని దారిలో...’ ఆ వాక్యం రాసినప్పుడు పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. మూడుసార్లు చదువుకుంది. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో కొంచెం మెడ ఎత్తి తిరిగింది కూడా.

“ఫోటో పంపుమన్నది ఎవలు? ఆఫీసోళ్లు ఏడుపు కావాలన్నరు. ఈ ఏడుపే అని ఎవలు చెప్పిన్రు?”

దయాకర్ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడడానికి ఒక ఎండిన నీళ్ల గాబు తప్ప ఏమీ లేదు.

“అన్న,” అన్నాడు చివరికి. “‘గా పిల్ల ఫోటువ మంచిగొచ్చింది, గది పంపు, తండ మొత్తం పోయిందని రాయి’ అన్నడు.”

“మీకు అనుమానం రాలేదా?”

“అన్న అన్నంక అనుమానమేంది?”

సరళ ఉత్తరాన్ని మళ్లీ పుస్తకంలో మడిచి పెట్టింది. మాట్లాడితే అరుపు అవుతుంది. అరుపు ఆ గది దాటి పోదు. ఆమెకు దాటి పోయేది ఒకటి కావాలి.

*

మధ్యాహ్నం అన్నం దగ్గర మహిపాల్ చాలా ఆప్యాయంగా ఉన్నాడు. ఆయన కోపంగా ఉన్నప్పుడు ఎవరికీ భయం లేదు. ఆప్యాయంగా ఉన్నప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

“సరళా, పొద్దున లంబాడి పిల్ల వచ్చి పరేషాన్ చేసిందట గదా.”

“అవును బావా.”

“పట్టించుకోకు. నేను ఎవల మీద పగవట్టినోణ్ణి గాదు. పేపర్ల పడ్డది, నేను కాగితానికి జతచేసిన. అంతే. పేపరు అబద్ధం చెప్తదా?”

“నేను రాసిన గద బావా.”

“గందుకే అంటున్న,” అని నవ్వాడు. “నీ చేతిల సరస్వతి ఉన్నది. ఇంకొక్కటి రాయి. తండ ఖాళీ అయింది, భూములు పడావు పడ్డయి, దున్నేటోడికి ఇస్తే ఊరికి తిండి దొరుకుతదని. సోమవారం పొద్దున పేపర్ల రావాలె. పదకొండు గంటలకు కచ్చేరి.”

“గురువారం రైలుబండికి పంపితే సోమవారం వస్తది,” అన్నాడు దయాకర్ ముద్ద మింగి.

సరళ మహిపాల్ విస్తట్లో ఇంకో గరిటె మజ్జిగ వేసింది. పలచటి మజ్జిగ. పెద్దింట్లో కూడా పాలు తగ్గాయి.

“ఫోటో కూడా కావాలె బావా. ఏడుపు లేకపోతే వాళ్లు వెయ్యరు.”

“నీకు తోచింది పెట్టు.”

“నాకు తోచిందే పెడ్త,” అన్నది సరళ.

బుచ్చమ్మ పెట్టె ఆమె మంచం కింద ఉంటుంది. తాళం ఉండదు; ఆ ఇంట్లో ఆమె పెట్టె ముట్టే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అవసరం పడలేదు. బుచ్చమ్మ పక్కింటికి పోయినప్పుడు సరళ దాన్ని తెరిచింది. తెల్ల కండువాలో చుట్టిన ఫోటో ఒకటే ఉంది.

మాఘంలో జరిగిన ప్రేమలత పెండ్లి. ప్రేమలత మహిపాల్ బిడ్డ. తల్లి లేని పిల్ల. పురిట్లోంచి బుచ్చమ్మే పెంచింది. అప్పగింతలప్పుడు మనవరాలి మెడ పట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచి ఏడుస్తున్న బుచ్చమ్మ. వెనక అత్తగారి ఊరు తరిగొప్పులకు పోయే బండి: మంచం, పరుపులు, ఇత్తడి బిందెలు, కొత్త గంగాళం.

కరువుకు ఖాళీ అవుతున్న ఇల్లు ఇంతకంటే బాగా ఎట్లా ఉంటుంది?

సరళ ఫోటో వెనక తిప్పి చూసింది. ఉన్నది ఇదొక్కటే. పోయిన ఫోటోలు ఆఫీసువాళ్లు తిరిగి పంపరు. బుచ్చమ్మ ప్రతి సోమవారం దీపం పెట్టాక దీన్ని తీసి చూసుకుంటుంది. అది సరళకు తెలుసు. తెలిసే కండువాను మళ్లీ అట్లాగే చుట్టి, లోపల ఏమీ లేకుండా పెట్టెలో పెట్టింది.

దయాకర్ సంతకం చేసి ఇచ్చిన కాగితాల్లోంచి ఒకటి తీసుకుని రాసింది. ఎక్కువ కష్టపడలేదు. పాత వార్తలో ‘తండా’ ఉన్నచోట ‘పెద్దిల్లు’ అని, ‘రెడ్యా’ ఉన్నచోట ‘మహిపాల్ రెడ్డి’ అని రాసింది. కన్నీటితో తడిపిన మట్టిని అట్లాగే ఉంచింది. ‘తిరిగి రామని తెలిసి’ కూడా ఉంచింది. రెండు రోజులు మురిసిన వాక్యం, ఒక్కసారే వాడి పారేయడం ఎందుకు?

దయాకర్ కవరు పట్టుకుపోయి మానుకోట స్టేషన్‌లో ప్యాసింజర్ గార్డు చేతికి ఇచ్చాడు. లోపల ఏముందో చూడలేదు. చదివే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు.

*

సోమవారం సరళకు పంటి నొప్పి వచ్చింది. మానుకోట దవాఖానకు పోవాలన్నది. పనిమనిషి గంగిని తోడిచ్చి బుచ్చమ్మ పంపింది.

స్టేషన్‌లో పేపరు కట్ట విప్పుతుండగానే సరళ రెండు కొన్నది. మూడో పేజీ. సగం పేజీ బుచ్చమ్మ. పైన పెద్దక్షరాలు: ‘పెద్దిల్లూ ఖాళీ!’ కింద దయాకర్ పేరు.

కచ్చేరి బయట రెడ్యా, సోమ్లి నిలబడి ఉన్నారు. రెడ్యా ఆ తెల్లవారే బస్సు దిగాడు. తునికాకు జిగురుకు పదివేళ్లూ నల్లబడి ఉన్నాయి. సరళ ఒక పేపరు సోమ్లి చేతిలో పెట్టింది. ఏముందో నాలుగు మాటల్లో చెప్పింది.

సోమ్లి ఫోటో చూసింది. నవ్వుతుందనుకుంది సరళ.

“ముసల్ది గూడ మంచిగనే ఏడ్సింది,” అన్నది సోమ్లి. పేపరు నాలుగు మడతలు పెట్టింది.

సరళ కొంగు తల మీదికి లాక్కుని, వరండాలో అర్జీలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల వెనుక కూర్చుంది. లోపలి మాటలు అక్కడికి వినబడుతున్నాయి.

“ఏం రెడ్యా, ఊరిడిసినవా?” అని తాసీల్దార్ అడిగాడు. పెద్దవయసు మనిషి. కళ్లద్దాలకు ఒకవైపు దారం కట్టుకున్నాడు.

“ఇడువలేదు దొరా. ఆకుకు పోయిన. ఏటేట పోత. గివి చూడుండ్రి.” వేళ్లు చూపించాడు.

“వాళ్లు గట్లనే అంటరు సార్,” అన్నాడు మహిపాల్. “ఎవలు నిజం చెప్తరు? పేపర్ల ఫోటువతో సహా పడ్డది. తిరిగి రామని వాళ్లే చెప్పుకున్నరు.”

“పేపర్ల పడ్తే నిజమేనంటరు.”

“మరి గాదా సార్? లోకమంత చదువుతది.”

“బాంచెన్ దొరా, గిది గూడ పేపరే,” అని సోమ్లి ముందుకు వచ్చి బల్ల మీద పెట్టింది.

తాసీల్దార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చదివాడు. మళ్లీ తుడుచుకున్నాడు. పాత పేపరు ముక్క తీసి రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

“మహిపాల్ రెడ్డి గారూ, ఎప్పుడు ఖాళీ చేసిన్రు?”

“ఏంది సార్?”

“ఇల్లు.”

గుమాస్తాల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు.

“‘మూడు తరాల ఇల్లు. తిరిగి రామని తెలిసి, పుట్టిన మట్టిని కన్నీటితో తడిపి...’ అయ్యో పాపం. అమ్మగారు శానా ఏడుస్తున్నరు. మీరు ఊరిడిసిపోతిరి, మీ భూములు పడావు పడె. మరి మీవి ఎవలకు రాసియ్యాల్నో గది గూడ చెప్పుండ్రి.”

“గిదేం మాట సార్! నేను మీ ముందటనే నిలబడ్డ గద!”

“రెడ్యా గూడ నిలబడ్డడు.”

వరండాలో గంగి ఆకువక్క నమలడం ఆపి లోపలికి తొంగి చూసింది. సరళకు ఆ క్షణం ఒంట్లోంచి వేడి దిగిపోయినట్టయ్యింది. పగ ఇంత తియ్యగా ఉంటుందని చదువుకున్న పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

కానీ తాసీల్దార్ పేపరు మూయలేదు.

“రెండూ ఒక్కతీరు రాతలే. ఒకటి అబద్ధమని తెలిసింది. రెండోది గూడ అబద్ధమేమో. ఏమో అంటే నా ఫైలుకు సరిపోదు. రాసినాయన రావాలె. శుక్రవారం నేనే బాయి కాడికి మోకాకు, కండ్లతోని చూసేటందుకు, వస్త. రాసినాయన అక్కడికొచ్చి, తండను చూసి రాసినవా, చూడక రాసినవా అంటే జవాబు చెప్పి దస్కత్ పెట్టాలె. పెడితే ఈ దరఖాస్తు కొట్టేస్త. రాకపోతే కాగితాలు పైకి పోతయి. పైన ఏమైతదో నా చేతుల లేదు. ఎవలీ దయాకర్ రెడ్డి?”

“మా తమ్ముడే,” అన్నాడు మహిపాల్. గొంతు అప్పటికే సర్దుకుంది. “వస్తడు సార్. ఎందుకు రాడు?”

సరళ లేచింది. రెండడుగులు వేసింది. ‘రాసింది నేను’ అనాలి. రెండే మాటలు. సరిగ్గా అప్పుడే మహిపాల్ వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు. సోమ్లి చేతిలోని పేపరును చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

“మా మరదలు సార్,” అన్నాడు నవ్వుతూ. “పంటి నొప్పని దవాఖానకొచ్చింది.”

తాసీల్దార్ తలూపి ఇంకో ఫైలు అందుకున్నాడు. సరళ నోరు తెరుచుకోలేదు. పొద్దున అబద్ధమైన పంటి నొప్పి అప్పటికి నిజమైనట్టుంది.

మెట్లు దిగుతుంటే సోమ్లి పక్కకు వచ్చింది.

“దగ్గర దాక పోయి ఆగితివి.”

“శుక్రవారం చెప్త.”

“మాట తప్పితే?”

“తప్ప. బాయి కాడికి నేనే వస్త.”

“నేనొచ్చి తోలుకపోత,” అన్నది సోమ్లి. “నీకు తొవ్వ ఎరుక లేదు గద.”

*

ఇల్లు చేరేసరికి వాకిట్లో బండి ఉంది. పొద్దున పేపరు చూడగానే తరిగొప్పుల నుంచి ప్రేమలత అత్తగారివాళ్లు పంపారు. రెండు బస్తాల జొన్నలు, ఒక బస్తా బియ్యం, పాత చీరలు నాలుగు. ‘ఇంత కష్టంలో ఉండి మాకు ఒక్కమాట చెప్పకపోతిరి’ అని చీటీ. బండివాడు జాలిగా నిలబడి ఉన్నాడు.

బుచ్చమ్మ ఆ బస్తాల ముందు చాప మీద కూర్చుంది. ఒళ్లో తెల్ల కండువా, విప్పి ఉంది.

మహిపాల్ అప్పటికే వచ్చాడు. దయాకర్ స్తంభానికి ఆనుకుని, ఆ స్తంభంలో తానూ ఒక భాగమైతే బాగుండునన్నట్టు నిలబడ్డాడు.

“రాసింది నువ్వేనా?” అని అడిగింది బుచ్చమ్మ.

“నేనే అత్తా.”

“నా ఫోటువ ఏది?”

“పేపరోళ్ల దగ్గర ఉన్నది.”

“తిరిగిస్తరా?”

“ఇయ్యరు.”

బుచ్చమ్మ కండువాను మడిచింది. ఇంకోసారి మడిచింది. అరుస్తుందని అందరూ ఎదురుచూశారు. అరవలేదు.

మహిపాల్ అరిచాడు. “నా పరువు బజార్ల పడేసినవు! పంచాయతి సమితి ఎలక్షన్ ముంగటున్నది. ఊరిడిసినోడికి ఓటెవలేస్తరు? తప్పు పడ్డదని రేపటికల్ల పేపర్ల రావాలె. రాయిరా దయాకర్!”

దయాకర్ సరళ వైపు చూశాడు.

“ఆయనకు రాదు బావా,” అన్నది సరళ. “నేనే రాయాలె. రాస్త. పెద్దింటి ఫోటో పెండ్లి ఫోటో, ఇల్లు ఖాళీ కాలేదని రాస్త. దాని కిందనే, తండ ఫోటో గూడ పెండ్లి ఫోటోనే, తండ ఖాళీ కాలేదని రాస్త. రాస్తే రెండూ రాస్త. లేకపోతే రెండూ లేవు. శుక్రవారం బాయి కాడ గూడ గదే చెప్త.”

మహిపాల్ ముఖంలో బాయి ఒకవైపు, ఎలక్షన్ ఒకవైపు లాగాయి. సరళ ఆ లాగులాటను తీరిగ్గా చూసింది. చూడడంలో ఒక సుఖం ఉంది. దాన్ని ఆమె దాచుకోలేదు కూడా.

“బండి కట్టురా,” అన్నాడు మహిపాల్ తమ్ముడితో. “ఈమెను తల్లిగారింట్ల దించిరా. ఇల్లు ఖాళీ అయ్యిందని రాసింది గద. ఒక్కలన్న పోతే నిజమైతది.”

దయాకర్ కదలలేదు. సరళ చీర కొంగు నడుముకు దోపుకుంది.

“పోత. తల్లిగారింటికి గాదు.”

“ఆగుండ్రి,” అన్నది బుచ్చమ్మ.

మెల్లగా లేచింది. మోకాళ్లు పట్టుకుని, బస్తాలు దాటి, బండివాడిని ఖాళీ బండితో బయటికి పంపింది. పెద్ద దర్వాజ రెండు తలుపులూ దగ్గరికి లాగింది. అడ్డగడియ వేసింది. ఆమె జీవితంలో మొదటిసారి తాళం కూడా వేసింది. తాళంచెవిని నడుముకు దోపుకుంది.

“నీకు కోపమొస్తే తెలివి పోతదిరా పెద్దోడా,” అన్నది. “బయటికి పంపితే ఎటు పోతది? సీదా బాయి కాడికి పోయి దస్కత్ పెడ్తది. శుక్రవారం పొద్దుగూకేదాక ఈ దర్వాజ తెరువ. చిన్నోడు గూడ లోపల్నే ఉంటడు. ఎవల్లేని ఇల్లే గద మనది.”

“అత్తా,” అన్నది సరళ. “నా మీద కోపం నా మీద తీర్సుకో. ఆ పిల్ల బాయి ఏం జేసింది?”

“నా ప్రేమి ఏం జేసింది బిడ్డా? నేనేం జేసిన?”

సరళ నడుముకు దోపిన కొంగును మెల్లగా విప్పింది.

మూడు రోజులు ఆ దర్వాజ తెరుచుకోలేదు. నీళ్లు గంగి పెరటి గోడ మీదినుంచి అందించింది. మహిపాల్ కూడా తల్లిని తాళంచెవి అడగలేదు.

శుక్రవారం తెల్లవారి, దీపం ముందు కూర్చున్న బుచ్చమ్మ లేవకముందే దర్వాజ చప్పుడయ్యింది.

“దొర్సానీ! తాసీల్దార్ జీపు నర్సింహులపేట దాటింది. రా, పోదాం!”

సోమ్లి గొంతు. సరళ గదిలోంచి ఉరికింది. మహిపాల్ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“దొర్సానీ! ఉన్నవా?”

బుచ్చమ్మ దర్వాజ దగ్గరికి నడిచి, తలుపుకు నోరు ఆనించి, ఎంతో నెమ్మదిగా జవాబు చెప్పింది.

“ఈ ఇంట్ల ఎవ్వలు లేరు బిడ్డా. పేపర్ల చదువలేదా?”